ముళువాయి: విజయనగర సామ్రాజ్యమునకు తూర్పు వాకిలి

విజయనగరమనగానే మన కన్నులయెదుట హంపీ శిథిలములు నిలుచును. 1336లో తుంగభద్రాతీరమున వెలసిన ఆ రాజ్యము నలుబదియేండ్లలోపల సేతువుదాక వ్యాపించెను. 1565లో రాజధాని నేలమట్టమైన పిమ్మటను ఎనుబదియేండ్లు నిలిచెను. ఇందులకు హేతువును హంపీలోనే వెదకినచో చాలదు; మన కోలారు సీమలోను వెదకవలయును.

గౌనిపల్లికి దక్షిణముననున్న ముళబాగిలు ఆనాడు ముళువాయి రాజ్యమునకు ముఖ్యపట్టణము. మైసూరు పీఠభూమినుండి తమిళ మైదానమునకు దిగు త్రోవ దీనిమీదుగా పోవును. కనుకనే ఆ పేరునకు 'తూర్పు వాకిలి' యని జనులు అర్థము చెప్పుదురు. బుక్కరాయలు తన కుమారుడైన కంపరాయలను ఈ సీమకు పాలకునిగా నియమించెను. కంపరాయలు ఇటనుండి దండు నడిపి, శంబువరాయలను లోబరచుకొని, 1370 ప్రాంతమున మధుర సుల్తానును జయించెను. ఆయన దేవి గంగాదేవి ఆ జైత్రయాత్రను సంస్కృతమున 'మధురావిజయము'గా రచించినది. అందలి కంటకాననపట్టణము ముళువాయియే యని చరిత్రకారులు గుర్తించిరి. ఆ కవయిత్రి పూర్వకవులను స్తుతించుచు మన తిక్కనను మరువలేదు.

జయించిన నేలను కొల్లగొట్టి మరలిపోవుట ఆ ప్రభువుల పద్ధతి కాదు. కంపరాయల యధికారి గోపన్న, తిరుమలలో తలదాచుకొనియున్న శ్రీరంగనాథుని 1371లో మరల శ్రీరంగమున ప్రతిష్ఠించెను. తమిళులకు ఇంతకంటె ప్రియమైన కార్యమేముండును? రెండవ దేవరాయల కాలమున ముళువాయిని ఏలిన లక్కన్న దండనాయకుడు కన్నడమున 'శివతత్త్వచింతామణి'ని వ్రాసెను. తరువాత కృష్ణదేవరాయలు తెలుగున 'ఆముక్తమాల్యద'ను రచించెను. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడును ఒక్క సింహాసనము నీడను పెరిగినవి. ఒకటి పెరుగుటకై మరియొకటి అణగవలసిన యగత్యము కలుగలేదు.

రక్కసి-తంగడి యుద్ధానంతరము తిరుమలరాయలు పెనుగొండకు తరలెను. వేంకటపతిరాయలు చంద్రగిరినుండియు, పిమ్మట వేలూరునుండియు ఏలెను. పెనుగొండకును చంద్రగిరికిని నడుమనున్నది మన సీమయే. సుగటూరు పాళెగారులు 'చిక్కరాయ' బిరుదము ధరించి రాయలను కొలిచిరి. రాజధానులు మారినను, ఊరూర నాయకులును, చెరువులును, దేవాలయములును నిలిచియుండుటచే రాజ్యము నిలిచెను. 1639లో ఆంగ్లేయులు దామెర్ల వేంకటప్ప నాయకునివలన చెన్నపట్టణపు స్థలమును పొందునాటికిని, అతని ప్రభువు విజయనగరపు రాయలే. అప్పటికి కోలారు బిజాపురపు వశమగుచుండెను. పిదప షాహాజీకి జాగీరాయెను. వాకిలి చేజారిన పిమ్మట ఇల్లు ఎక్కువకాలము నిలువలేదు.

ఈ చరిత్ర మనకేల? కోలారు జిల్లాలో తెలుగు పలుకు కుటుంబములను నిన్న మొన్న వలస వచ్చినవారిగా తలచువారు కలరు. వారి మాట విని మన పిల్లలును అట్లే తలచుట కలదు. 1905లో లూయీ రైసు ప్రకటించిన కోలారు జిల్లా శాసనసంపుటమును తెరచి చూచినచో ఆ భ్రమ తొలగును. కన్నడ, తమిళ శాసనముల సరసనే తెలుగు శాసనములును అందున్నవి. ఈ నేల ఏ యొక్క భాషదియు కాదు, అన్నింటిదియు. కావున బడిలో కన్నడమును శ్రద్ధతో నేర్చు పిల్లలకు ఇంట తెలుగు చదువను వ్రాయను నేర్పుట మన విధి. సెలవునాడు వారిని ముళబాగిలునకు తోడుకొనిపోయి, అచ్చటి కోటను, గుడులను చూపుడు. తాము పరాయివారము కామని ఆ రాళ్లే వారికి చెప్పగలవు.