అందకుండానే పోయిన మందు

ప్రెమరిన్ మాత్ర 1942లో అమెరికా బజారుకు వచ్చింది. చూడిగుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ అది. ముట్లుడిగిన ఆడవాళ్ళకు ఒంట్లో ఎగసే ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు దానితో నిజంగానే తగ్గాయి. అంతటితో ఊరుకుంటే బాగుండేది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే వైద్యుడు పుస్తకం రాసి, ఈ మందుంటే ఆడదానికి ముసలితనమే లేదన్నట్టు ఊరించాడు. బాధ తీర్చే మందును యౌవనం అమ్మే సరుకుగా మార్చారు. దాని పతనం అక్కడే మొదలైందని నా నమ్మకం.

2002 జులై 9న అది కూలింది. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే అమెరికా అధ్యయనం వారు ఈస్ట్రోజెన్‌కు ప్రొజెస్టిన్ కలిపి 16,608 మంది మీద చేస్తున్న పరీక్షను మధ్యలో ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని ప్రపంచమంతా మోగింది. ఏడాదికి పదివేల మందిలో ఎనిమిది కేసులు ఎక్కువన్న లెక్క, ఆ స్త్రీల సగటు వయసు 63 అన్న సంగతి ఆ మోతలో మునిగిపోయాయి. గర్భసంచి తీసేసిన 10,739 మందిపై ఈస్ట్రోజెన్ ఒక్కదానితోనే ఇంకో పరీక్ష నడిచింది. పక్షవాతం ముప్పు కనబడి 2004లో దాన్నీ ఆపారు గానీ, అందులో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ భయంతో ఈస్ట్రోజెన్‌కు దూరమైన, గర్భసంచి లేని అమెరికా స్త్రీలలో పదేళ్ళలో కనీసం 18,601 మంది అకాలంగా చనిపోయి ఉంటారని 2013లో యేల్ పరిశోధకులు అంచనా కట్టారు.

మన ఆడవాళ్ళ మరణాలకు అలాంటి అంచనా కట్టిన వాళ్ళేరీ?

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పేదవాడికి పెద్దాసుపత్రి తలుపు తెరిచిన పథకమది, కాదనను. ఆ తలుపులోంచే రాష్ట్రంలో ఎందరో గర్భసంచులు పోగొట్టుకుని బయటికొచ్చారు. చివరకు ప్రభుత్వమే ఈ ఆపరేషన్‌ను ప్రైవేటు ఆసుపత్రుల నుంచి తప్పించాల్సి వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో మూడు శాతం పైచిలుకు గర్భసంచి తీయించుకుంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది శాతం.

వజ్రపుకొత్తూరు తీరంలో చేపల గంప మోసే మనిషికో, పలాసలో జీడిపిక్కలు కొట్టే కూలికో తెల్లబట్ట అయితే, నడుము లాగితే, నెలనెలా రక్తం ఎక్కువ పోతే, ‘ఉంచుకుంటే క్యాన్సరవుతాది, పిల్లలు పుట్టేశారు కదా’ అనేవారు వైద్యులు. ఆ ఒక్క మాట చాలు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీశారా, ఉంచారా అన్నది ఇంగ్లీషు కాగితంలో ఉండిపోయేది. రెండు అండాశయాలూ తీసేస్తే, ఏళ్ళ తరబడి మెల్లగా రావాల్సిన మార్పు ఒక్క రోజులో వచ్చి పడుతుంది. బట్టీ సెగ పక్కన కూర్చున్న మనిషికి లోపలి సెగ తోడవుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెకు ముప్పు ముందే వస్తుంది. ఇలాంటి వారికే, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలని వైద్యశాస్త్రం చెబుతుంది. వీళ్ళకు రాసిందల్లా కాల్షియం బిళ్ళలు. క్యాన్సర్ పేరు చెప్పి గర్భసంచి తీశారు. ఆ పేరుతోనే మందునూ దూరం పెట్టారు.

పలాస, వజ్రపుకొత్తూరు ఉన్న ఉద్దానంలో ఇంకో చిక్కుంది, ఇక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి ఈ హార్మోన్ ఇవ్వాలంటే రక్తపోటు, మోతాదు చూసి ఆచితూచి ఇవ్వాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఉద్దానం ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా వచ్చింది. ఆవిర్ల గురించి అలా అడిగిన వారు లేరు. ఆడవాళ్ళు వాటిని జబ్బుగా చెప్పుకోలేదు, ఒంటి తీరు అనుకున్నారు.

2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల మీద రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బుల గురించి ఉన్న పెద్ద హెచ్చరికను తీసేయిస్తామని ప్రకటించింది. 2008లో ముప్పైమూడేళ్ళకు అండాశయాలతో సహా తీయించుకున్న మనిషికి అప్పటికి యాభై నిండాయి. ఆమెకు మందు కావాల్సిన ఏళ్ళు అప్పటికే అయిపోయాయి.