ఏ జావాని అడిగావు?

మొన్నామధ్య ఓ శుక్రవారం రాత్రి పదకొండింటికి మా ప్రాజెక్టు డిప్లాయ్‌మెంట్ పెట్టుకున్నాం. సర్వీసు లేచినట్టే లేచి పడిపోయింది. లాగ్ తెరిస్తే పాత చుట్టమే: అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్. మా ఫైలు వెర్షన్ 61 అట, అక్కడి జావాకి 55 దాకానే తెలుసట. అంటే మేం కంపైల్ చేసింది జావా 17తో, అక్కడ నడిచింది 11.

కాల్‌లో పదిమంది వింటుండగా మా జూనియర్ కుర్రాణ్ణి కడిగేశాను. "ముందు వెర్షన్ చూసుకోవా?"

"చూశానన్నా. 17 అనే చెప్పింది."

నేను నమ్మలేదు. ఆ సంగతి చివర్లో చెప్తా. ముందు కాస్త చరిత్ర, ఎందుకంటే "నీ వెర్షన్ ఎంత?" అనే చిన్న ప్రశ్నకి జావా ఏనాడూ తిన్నగా జవాబు చెప్పలేదు.

1996 జనవరిలో 1.0 వచ్చింది, 1997లో 1.1. ఇంతవరకు బానే ఉంది. 1998 డిసెంబరులో 1.2 తెచ్చి దానికి 'జావా 2' అని పేరెట్టారు. ఆ తర్వాత 1.3, 1.4 వచ్చినా పేరు జావా 2నే! 2004లో వచ్చిన 1.5ని 5.0 అన్నారు. 2006లో ఆ '2' కూడా తీసేసి జావా 6 అన్నారు. పెట్టె మీద ఒక పేరు, కమాండ్ కొడితే ఇంకో పేరు. జావా 8 కూడా తనని తాను 1.8 అనే చెప్పుకునేది.

2017 సెప్టెంబరులో జావా 9తో ఈ గోలకి ముగింపు పలికారు. ముందున్న 1 పోయింది, వట్టి 9 మిగిలింది. మంచిదే కదా అంటారా? చుక్క తర్వాతి అంకె తీసుకుని "8 ఉందా లేదా" అని చూసే పాత స్క్రిప్టులన్నీ తెల్లమొహం వేశాయి. 11.0.2లో చుక్క తర్వాత ఉండేది సున్నా మరి! వెర్షన్లని అక్షరాలుగా పోల్చేవాళ్ళకి 10 కంటే 9 పెద్దదైంది. పైథాన్ వాళ్ళకీ ఇదే అనుభవం. 2021లో 3.10 వచ్చినప్పుడు, మొదటి మూడక్షరాలు కత్తిరించుకునే ప్రోగ్రాములకి అది 3.1లా కనపడింది.

ఇంకో తమాషా చూడండి. జావా వెర్షన్ కమాండు జవాబుని మామూలు అవుట్‌పుట్‌లో కాకుండా ఎర్రర్ దారిలో పంపుతుంది. పైప్ పెట్టి గ్రెప్ చేస్తే ఏమీ దొరకదు. జావా 9 నుంచి రెండు గీతలతో కొట్టే వెర్షన్ ఆప్షన్ వచ్చాకే జవాబు సరైన దారిన పడింది. వెర్షన్లని అంకెలుగా పోల్చే క్లాసు కూడా లైబ్రరీలోకి అప్పుడే వచ్చింది.

వెర్షన్ ఒక్కటే కాదు, ఊరూ పేరూ అడిగినా ప్రమాదమే. 2010లో సన్ కంపెనీని ఒరాకిల్ కొనేసింది. ఆ జులైలో వచ్చిన జావా 6 అప్‌డేట్ 21లో, విండోస్ ఫైలు వివరాల్లో కంపెనీ పేరు మార్చారు. ఎక్లిప్స్ ఆ పేరు చూసే మెమరీ సెట్టింగు ఒకటి ఇచ్చేది. పేరు మారేసరికి ఆ సెట్టింగు ఆగిపోయి ఎక్లిప్స్ కుప్పకూలడం మొదలెట్టింది. చివరికి ఒరాకిలే వెనక్కి తగ్గి పాత పేరు మళ్ళీ పెట్టి విడుదల చేసింది.

ఇంత గందరగోళంలోనూ మాట తప్పనిది క్లాస్ ఫైలు ఒక్కటే. మొదటి నాలుగు బైట్లు 'కెఫే బేబ్' అనే గుర్తు, తర్వాత నాలుగు బైట్లలో ఫైలు వెర్షన్. 1.2కి 46, 8కి 52, 17కి 61. ఆ నంబర్లోంచి 44 తీసేస్తే మీకు కావాల్సిన జావా వెర్షన్ వస్తుంది. గుర్తుంచుకోండి, అర్ధరాత్రి పనికొస్తుంది.

సరే, మా కుర్రాడి సంగతి. సర్వర్లో రెండు జావాలున్నాయి. వాడు లాగినై కమాండ్ కొడితే పాత్‌లో ముందున్న 17 పలికింది. సర్వీసు స్క్రిప్టులో జావా హోం మాత్రం పాత 11 ఫోల్డర్నే చూపిస్తోంది. అడగడం అడిగాడు, కాకపోతే వేరే జావాని అడిగాడు. ఆ స్క్రిప్టు రాసిందెవరో తెలుసా? రెండేళ్ళ కిందట, నేనే.

సోమవారం అదే కాల్‌లో, అదే పదిమంది ముందు సారీ చెప్పాను. వాడు "పర్లేదన్నా" అన్నాడు గానీ, తిట్టినంత తేలిగ్గా నోరు పెగల్లేదు నాకు.

ఇప్పుడు సర్వీసుని లేపే స్క్రిప్టే, తను వాడబోయే జావాని పూర్తి దారితో పిలిచి వెర్షన్ అడుగుతుంది. 17 కాకపోతే పాత సర్వీసుని ఆపకముందే ఆగిపోతుంది. నాలుగు లైన్లు. మీ సర్వర్లో ఎన్ని జావాలున్నాయో ఓసారి చూసుకోండి. ముఖ్యంగా, "చూశానన్నా" అని ఎవరైనా అంటే తిట్టే ముందు "ఏ జావాని అడిగావు?" అని అడగండి.