ఫుట్‌నోట్‌లో మిగిలిన సోఫీ

పిహెచ్.డి. చేసే రోజుల్లో పాత పుస్తకాల పేజీల అడుగున ఉండే చిన్న అక్షరాల్ని వదలకుండా చదవడం అలవాటయింది నాకు. రచయిత్రుల పేర్లు ఎక్కువగా అక్కడే దొరికేవి మరి. గణితశాస్త్ర చరిత్రలోనూ అలాంటి పేరొకటుందని తెలిశాక, లెక్కలంటే భయపడే నేను ప్రధాన సంఖ్యల గురించి చదవడం మొదలుపెట్టాను.

2016లో ఒక ప్రధాన సంఖ్యని కనుగొన్నారు. అందులో 3,88,342 అంకెలున్నాయి. పేజీకి రెండువేల అంకెల చొప్పున అచ్చువేస్తే దాదాపు 195 పేజీల నవలంత అవుతుంది. దీన్ని రెట్టింపు చేసి ఒకటి కలిపితే వచ్చేది కూడా ప్రధాన సంఖ్యే. 11కీ ఈ గుణముంది, 23 వస్తుంది. 23కీ ఉంది, 47 వస్తుంది. 7కి లేదు, 15 వస్తుంది. ఈ గుణమున్న వాటిని సోఫీ జెర్మేన్ ప్రధాన సంఖ్యలంటారు. అవి అనంతంగా ఉన్నాయని ఎవరూ ఇంకా నిరూపించలేదు.

సోఫీ 1776లో పారిస్‌లో పుట్టింది. 1794లో మొదలైన ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఆడవాళ్ళకి చోటులేదు. ఆమె పాఠాల నోట్సు సంపాదించుకుని, లెబ్లాన్ అనే విద్యార్థి పేరుతో తన పని లగ్రాంజ్‌కి పంపింది. 1804 నుంచి గౌస్‌కీ ఆ పేరుతోనే ఉత్తరాలు రాసింది. మన దగ్గర నవలలు అమ్ముడుపోవడానికి మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకున్న కాలమొకటుంది. సోఫీకి మగపేరు కావలసింది కేవలం తన ఉత్తరం చదివించుకోవడానికి.

రెండు ఘనాల మొత్తం మరో ఘనం కాదనీ, రెండుకి మించిన ఏ ఘాతానికైనా అంతేననీ ఫెర్మా అన్నాడు. అంతకు ముందువాళ్ళు ఒక్కొక్క ఘాతాన్నీ విడిగా పట్టుకున్నారు. సోఫీ ఎన్నో ఘాతాలకి ఒకేసారి పనికొచ్చే దారి వెతికింది. ఘాతం పైన చెప్పిన గుణమున్న బేసి ప్రధాన సంఖ్య అయితే, ఫెర్మా కాదన్న సమీకరణానికి సాధన ఉన్నా సరే, అందులోని మూడు సంఖ్యల్లో ఒకటి ఆ ఘాతంతో భాగించబడి తీరాలని చూపించింది. రెట్టింపుకి ఒకటి కలపడం కుదరని చోట వేరే సహాయక సంఖ్యని వెతికింది. 7కి 29 అలాంటిదే. వందలోపు బేసి ప్రధాన ఘాతాలన్నిటికీ ఈ ఫలితం సాధించింది.

1820లలో లెజాండ్ర్ తన వ్యాసంలో ఈ సిద్ధాంతం ఆమెదని చెప్పాడు. ఒక ఫుట్‌నోట్‌లో! దాదాపు రెండు శతాబ్దాలు ఆమె పనంటే ఆ ఫుట్‌నోటే. ఇద్దరు గణితజ్ఞులు, లాబెన్‌బాకర్, పెంగెలీ, ఆమె చేతిరాత ప్రతులు చదివి 2010లో వ్యాసం రాశాకగాని అసలు విస్తృతి తెలియలేదు. ఒక్కో ఘాతానికీ సహాయక సంఖ్యలు అనంతంగా ఉన్నాయని చూపించి, ఫెర్మా మాట మొత్తాన్నీ రుజువు చేయాలన్నది ఆమె పథకం. మూడో ఘాతం దగ్గర అది కుదరదని ఆమే నిరూపించి, ఆ సంగతి లెజాండ్ర్‌కి రాసింది.

నన్ను ఆపేసింది ఈ చివరి ఉత్తరమే. తన పథకం ఎక్కడ విరిగిందో తనే కనిపెట్టగల మేధ అది. ఫుట్‌నోట్ ఆమె ఫలితాన్ని కాపాడింది, ఆలోచనని వదిలేసింది. ఆడవాళ్ళ పనిని అభినందించి పక్కన పెట్టే పద్ధతి సాహిత్యంలో మనకి తెలిసిందే. పేరు ఎక్కడో ఒకచోట ఉంది కదా అని తృప్తిపడకుండా, ఆ పేరు వెనకున్న కాగితాల కట్టలు విప్పాల్సింది మనమే.