దింపువాడి మోకాలు

వైనతేయ సముద్రంలో కలిసే మా ఓడలరేవులో నాన్న కొబ్బరి దింపు పనిచేసేవాడు. కాళ్లకు తాడు బంధం వేసుకుని, మోకాళ్లు పక్కలకు మడిచి చెట్టెక్కేవాడు. దిగాక గొంతుక్కూర్చుని కాయలు పోగేసేవాడు. మోకాటిలో నెలవంకల్లా ఉండే రెండు మెత్తటి దిండ్ల మీద, అంటే మెనిస్కస్‌ల మీద, ఈ మెలికలన్నీ పడతాయి. ఓసారి మోకాలు మడతలోనే పట్టేసింది. అందరూ వాతమన్నారు, ఆముదం కాచి రాశారు. నిజానికి చిరిగింది మెనిస్కస్.

1883లో ఎడింబరోలో థామస్ అన్నన్‌డేల్ ఓ గని కార్మికుడి మెనిస్కస్‌ను కుట్టాడు. అయినా ఆ తర్వాత దశాబ్దాలపాటు సర్జన్లు దాన్ని పనికిరానిదని కోసి పారేశారు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే సర్జన్ ఎక్స్‌రేలు చూసి చెప్పాడు: మెనిస్కస్ తీసేసిన మోకాళ్లలో ఎముకల మధ్య సందు ఇరుకవుతోంది, అంచున ఎముక పెరుగుతోంది. కీళ్ల అరుగుదల గుర్తులవి.

వయసు మళ్లాక కథ తిరగబడుతుంది. అరుగుదలే మెనిస్కస్‌ను చీలుస్తుంది. అరిగి చిరిగిన మెనిస్కస్‌ను కత్తిరించినా, కత్తిరించినట్టు నటించినా ఏడాది తర్వాత ఒకటేనని 2013లో ఫిన్లాండ్ వైద్యులు తేల్చారు. అందుకే నాన్నకు డాక్టరుగారు తొడ కండరాలకు వ్యాయామం చెప్పారు. "చెట్టెక్కినోడికి కసరత్తేంటండీ" అన్నాడు, చేశాడు కూడా.