శపింప రాని జనము

శపించుటకు పిలువబడినవాడు ఆశీర్వదించి తిరిగి వెళ్లిన వృత్తాంతము సంఖ్యాకాండము 22 మొదలు 24 వరకు గల అధ్యాయములలో నున్నది. బిలాము గాడిద మాటలాడిన సంగతి ఆదివారపు బడి పిల్లలకు సహితము తెలియును. గాని గాడిదను జ్ఞాపకముంచుకొని, కొండక్రింద గుడారములలో నున్న జనమును మరచుట మనకు వాడుక.

ఇశ్రాయేలీయులు అప్పుడు యొర్దానుకు తూర్పున, యెరికోకు ఎదుట, మోయాబు మైదానములలో దిగియుండిరి. అమోరీయుల రాజైన సీహోనును, బాషాను రాజైన ఓగును అప్పటికే ఓడిపోయిరి. కాబట్టి మోయాబు రాజైన బాలాకు కత్తిని నమ్మక నోటిని నమ్మెను. అతని చూచి నవ్వకుడి. ప్రాచీన కాలపు రాజులకు శాపమును ఒక ఆయుధమే. ఐగుప్తులో శత్రువుల పేళ్లు మట్టికుండలమీద వ్రాసి, వాటిని పగులగొట్టెడి ఆచారముండెను.

బెయోరు కుమారుడైన బిలాము పేరు పరిశుద్ధ గ్రంథమునకు వెలుపలను దొరకినది. 1967లో హాలెండు దేశపు పండితులు యొర్దాను లోయలో, యబ్బోకు ఏటికి సమీపముననున్న దేర్ అల్లా దిబ్బను త్రవ్వుచుండగా, గోడ గారమీద నల్లని, ఎఱ్ఱని సిరాతో వ్రాసిన వ్రాత ముక్కలు ముక్కలుగా బయలుపడెను. అది సుమారు క్రీ. పూ. 800 నాటిది; మోషే కాలమునకు చాల తరువాతిది. అయినను బిలాము దర్శనములు చూచువాడని ఆ ప్రాంతములో ఎంత పేరుపడెనో దానివలన తెలియుచున్నది. బాలాకు సామాన్యుని పిలువలేదు.

బాలాకు అతనిని మూడు ఎత్తయిన స్థలములకు తీసికొనిపోయెను. ఒక్కొక్కచోట ఏడు బలిపీఠములు, ఏడు కోడెలు, ఏడు పొట్టేళ్లు. వెరసి ఇరువదియొక్క బలిపీఠములు! చోటు మార్చినయెడల దేవుని మాటయు మారునని ఆ రాజు తలంచెను. మూడుచోట్లను ఆశీర్వాదమే వచ్చెను. రాజు కోపముతో చేతులు చరచుకొనగా, బలి లేకుండనే నాలుగవసారియు బిలాము ఇశ్రాయేలు పక్షముగానే పలికెను.

ఇదంతయు జరుగుచుండగా క్రిందనున్న జనము ఏమి చేయుచుండెను? తమ్మునుగూర్చి కొండమీద జరుగుచున్నది వారు ఎరిగినట్లు ఆ అధ్యాయములలో ఒక్క మాటయైనను లేదు. వారు ప్రార్థించినట్లును లేదు. కొంతకాలము క్రిందటనే సణిగి, సర్పములచేత కరవబడిన జనమది! దేవుడు వారిని ప్రేమించినందుననే శాపమును ఆశీర్వాదముగా మార్చెనని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చెప్పుచున్నది. వారి యోగ్యత అందు కారణముగా చెప్పబడలేదు.

అయితే వెంటనే 25వ అధ్యాయము చదువుడి. అదే జనము షిత్తీములో మోయాబు స్త్రీలతో వ్యభిచరించి, బయల్పెయోరుకు మ్రొక్కెను. తెగులువలన 24,000 మంది చనిపోయిరి. అది బిలాము ఆలోచనయే అని 31వ అధ్యాయము తెలుపుచున్నది. ఇరువదియొక్క బలిపీఠములు చేయలేని హాని గుడారములోని పాపము చేసెను. చేతబడికిని ఇరుగుపొరుగువారి శాపనార్థములకును వణకుచు, ఇంటిలోని పాపమునకు వణకని విశ్వాసులారా, దీనిని ఆలోచించుడి.

అయినను ఆశీర్వాదము అక్కడ ఆగిపోలేదు. క్రీ. పూ. 9వ శతాబ్దములో మోయాబు రాజైన మేషా, ఇశ్రాయేలు నిత్యనాశనము పొందెనని ఒక రాతిమీద చెక్కించుకొనెను. ఆ రాయి 1868లో దీబోనులో అన్యదేశీయులకు కనబడి, తరువాత పారిసు నగరపు ప్రదర్శనశాలకు చేరెను. మేషా రాజ్యము ఎప్పుడో అంతరించెను. ఇశ్రాయేలు పేరు నిలిచియున్నది.

మోయాబుకు మాత్రము నాశనమే మిగిలెనా? శపింపగోరిన ఆ దేశమునుండియే రూతు అను విధవరాలు అత్త వెంట బేత్లెహేమునకు వచ్చి, పరిగె ఏరుకొని బ్రదికెను. ఆమె దావీదు తండ్రియైన యెష్షయికి నాయనమ్మ. బాలాకు ఆపజూచిన ఆశీర్వాదము బాలాకు జనముయొక్క కుమార్తెను సహితము వెదకి పట్టుకొనెను. మనలను శపించువారి పిల్లలకొరకు ప్రార్థించుటకు ఇంతకంటె కారణము కావలెనా?