ఎన్నికల ముంగిట ప్రధాన న్యాయమూర్తి నియామకం: 1977 జనవరి వివాదం, దాని పర్యవసానాలు

నెహ్రూ నగర్ (భిలాయ్): లోక్‌సభకు ఎన్నికలు జరుపుతున్నట్లు ప్రధాని ఇందిరా గాంధీ 1977 జనవరి 18న ప్రకటించారు. సరిగ్గా పది రోజులకు, జనవరి 28న, భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎ.ఎన్. రే పదవీ విరమణ చేశారు. సంప్రదాయం ప్రకారం ఆయన స్థానం సుప్రీంకోర్టులో అందరికంటె సీనియర్ అయిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాకు దక్కవలసి ఉంది. ప్రభుత్వం ఆయనను పక్కనపెట్టి, జస్టిస్ ఎం.హెచ్. బేగ్‌ను ఎంపిక చేసింది. ఎన్నికల గడువు దగ్గరపడిన వేళ అత్యున్నత న్యాయపీఠాన్ని భర్తీ చేయడంపై స్వతంత్ర భారతంలో చెలరేగిన వివాదాలలో ఇది ప్రధానమైనది. ఆ తరువాత ప్రధాన న్యాయమూర్తి ఎంపికలో సీనియారిటీని ఏ ప్రభుత్వమూ అతిక్రమించలేదు. ఆ కారణంగానే ఈ ఉదంతం నేటికీ ప్రస్తావనకు వస్తూ ఉంది.

రాజ్యాంగం చెప్పినది, చెప్పనిది

సుప్రీంకోర్టు న్యాయమూర్తులను రాష్ట్రపతి నియమిస్తారని 124వ అధికరణం, హైకోర్టు న్యాయమూర్తుల నియామక విధానాన్ని 217వ అధికరణం చెబుతున్నాయి. ప్రధాన న్యాయమూర్తి పదవి ఖాళీ అయినప్పుడు తాత్కాలికంగా మరొకరు ఆ విధులు నిర్వహించేందుకు సుప్రీంకోర్టు విషయంలో 126వ అధికరణం, హైకోర్టుల విషయంలో 223వ అధికరణం వీలు కల్పిస్తున్నాయి. అయితే అందరికంటె సీనియర్ అయిన వారినే భారత ప్రధాన న్యాయమూర్తిగా నియమించాలన్న నిబంధన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అది కేవలం ఆచారం. ఎన్నికలు ప్రకటించిన తరువాత ఇటువంటి పదవిని భర్తీ చేయరాదన్న నిషేధం కూడా రాజ్యాంగంలో లేదు.

ప్రధాన న్యాయమూర్తికి తీర్పులో ఉన్న ఓటు ఒక్కటే. కాని ఏ వ్యాజ్యాన్ని ఏ ధర్మాసనం విచారించాలో, అందులో ఎవరెవరు కూర్చోవాలో నిర్ణయించే అధికారం ఆయనదే. అందువల్లనే ఆ ఒక్క పదవి కోసం ప్రభుత్వాలు ఇంతగా ఆసక్తి చూపాయి.

ఆచారానికి తొలి దెబ్బ 1973లో తగిలింది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చజాలదని కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏప్రిల్ 24న 7-6 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. తెలుగువారైన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి, జస్టిస్ ఖన్నా ఆధిక్య పక్షంలో, జస్టిస్ రే, జస్టిస్ బేగ్ అల్పసంఖ్యాక పక్షంలో నిలిచారు. మరి రెండు రోజులకు జస్టిస్ షెలాత్, జస్టిస్ హెగ్డే, జస్టిస్ గ్రోవర్‌లను దాటి జస్టిస్ రే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ ముగ్గురూ రాజీనామా చేశారు. సీనియారిటీ ఒక్కటే ప్రాతిపదిక కారాదని లా కమిషన్ 1958 నాటి తన 14వ నివేదికలో చెప్పిన మాటను ప్రభుత్వం తన సమర్థనకు వాడుకుంది. న్యాయమూర్తుల దృక్పథాన్ని కూడా పరిగణించే హక్కు తమకు ఉందని కేంద్రమంత్రి మోహన్ కుమారమంగళం లోక్‌సభలో వాదించారు.

జబల్‌పూర్ నుంచి ఢిల్లీకి

జస్టిస్ ఖన్నా పేరు దేశమంతటా తెలియడానికి కారణమైన వ్యాజ్యానికి ఈ ప్రాంతంతో సంబంధం ఉంది. నెహ్రూ నగర్ వాసులు నేడు హైకోర్టును ఆశ్రయించాలంటే బిలాస్‌పూర్ వెళ్లాలి. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడడంతో అక్కడ హైకోర్టు వెలసింది. అంతకుముందు ఉక్కు నగరం భిలాయ్, దానిని ఆనుకొని ఉన్న దుర్గ్ మధ్యప్రదేశ్‌లో భాగం. వాటి హైకోర్టు జబల్‌పూర్‌లో ఉండేది. ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ అదే హైకోర్టు.

1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి విధించిన తరువాత ‘మీసా’ చట్టం కింద నిర్బంధానికి గురైనవారు పలు రాష్ట్రాలలో హెబియస్ కార్పస్ పిటిషన్లు వేశారు. వాటిని విచారించవచ్చునని జబల్‌పూర్ హైకోర్టుతో సహా తొమ్మిది హైకోర్టులు తీర్పునిచ్చాయి. ప్రభుత్వాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. జబల్‌పూర్ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ దాఖలు చేసిన అప్పీలు పేరిటనే ఆ వ్యాజ్యం చరిత్రలో నిలిచింది.

అత్యవసర పరిస్థితి అమలులో ఉన్నంతకాలం నిర్బంధాన్ని ప్రశ్నిస్తూ కోర్టుకు వెళ్లే హక్కు పౌరునికి లేదని సుప్రీంకోర్టు 1976 ఏప్రిల్ 28న 4-1 ఆధిక్యంతో తేల్చింది. జస్టిస్ రే, జస్టిస్ బేగ్, జస్టిస్ వై.వి. చంద్రచూడ్, జస్టిస్ పి.ఎన్. భగవతి ఒక పక్షాన ఉండగా, జస్టిస్ ఖన్నా ఒక్కరే భిన్నాభిప్రాయం ప్రకటించారు. చట్టం అనుమతి లేకుండా మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించే అధికారం రాజ్యానికి ఎన్నడూ లేదన్నది ఆయన తీర్పు సారాంశం. ఆ తీర్పు రాసేనాటికే ప్రధాన న్యాయమూర్తి పదవికి తదుపరి వంతు ఆయనది.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తగిలిన సెగ

ఆ ఏడాదే హైకోర్టు న్యాయమూర్తులను పెద్ద సంఖ్యలో వారి సమ్మతి లేకుండా ఇతర రాష్ట్రాలకు బదిలీ చేశారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిని పంజాబ్-హర్యానాకు పంపారు. గుజరాత్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ సంకల్‌చంద్ సేఠ్‌ను హైదరాబాదుకు బదిలీ చేస్తూ 1976 మే 27న ఉత్తర్వు వెలువడింది. ఆయన హైదరాబాదులో బాధ్యతలు స్వీకరించినా ఆ ఉత్తర్వును న్యాయస్థానంలో సవాలు చేశారు. 1977 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. బదిలీకి న్యాయమూర్తి సమ్మతి తప్పనిసరి కాకపోయినా, అది ప్రజాప్రయోజనం కోసమే జరగాలనీ, భారత ప్రధాన న్యాయమూర్తితో సంప్రదింపు నామమాత్రం కారాదనీ న్యాయస్థానం స్పష్టం చేసింది.

ఆరు నెలల వాదన

1977 జనవరిలో జస్టిస్ ఖన్నాను కాదనడానికి ప్రభుత్వం చూపిన కారణం ఆయనకు మిగిలిన సర్వీసు. ఆయన జూలై ఆరంభంలో 65 ఏళ్లు నిండి పదవీ విరమణ చేయవలసి ఉంది. అంటే ప్రధాన న్యాయమూర్తిగా ఆరు నెలలు కూడా ఉండరు. జస్టిస్ బేగ్‌కు 1978 ఫిబ్రవరి వరకు గడువు ఉంది.

ఈ వాదన పూర్వోదాహరణల ముందు నిలవదు. జస్టిస్ జె.సి. షా 1970 డిసెంబర్ 17న ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పదవీకాలం ఐదు వారాలు మాత్రమే. ఆయన పదవిలో ఉండగానే డిసెంబర్ 27న లోక్‌సభ రద్దయింది. మధ్యంతర ఎన్నికల ప్రచారం నడుస్తుండగా 1971 జనవరిలో ఆయన విరమించారు. జనవరి 22న సీనియర్ అయిన జస్టిస్ ఎస్.ఎం. సిక్రీ ప్రమాణం చేశారు. ఎన్నికల వేళ అయినప్పటికీ ఎవరూ వేలెత్తి చూపలేదు. అప్పటి ప్రధాని కూడా ఇందిరా గాంధీయే. ఆరేళ్ల తేడాలో అదే జనవరి మాసంలో, అదే ప్రధాని హయాంలో, అదే పదవికి రెండు రకాల న్యాయం జరిగింది.

తరువాతి చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 2004లో లోక్‌సభ పోలింగ్ దశలవారీగా జరుగుతుండగా మే 2న జస్టిస్ ఎస్. రాజేంద్రబాబు ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. ఆయనకు ఉన్న వ్యవధి నెల రోజులు. సీనియారిటీ పాటించడంతో రాజకీయ పక్షాల మధ్య దానిపై పోరు రాలేదు. దీనిని బట్టి తెలిసేది ఒక్కటే. నియామకాన్ని వివాదాస్పదం చేసింది ఎన్నికల సమయం కాదు, స్వల్ప పదవీకాలమూ కాదు. తెలిసిన నియమాన్ని ఒక వ్యక్తి కోసం పక్కనపెట్టడమే ఆ పని చేసింది.

1977లో పణంగా ఉన్నది చిన్న విషయం కాదు. రాజ్యాంగ సవరణలను కోర్టులు ప్రశ్నించరాదని ప్రకటించిన 42వ సవరణ 1976 డిసెంబర్‌లో రాష్ట్రపతి ఆమోదం పొందింది. దాని చెల్లుబాటు నేడో రేపో సుప్రీంకోర్టు ముందుకు రావలసినదే. ఆ వ్యాజ్యాన్ని వినే ధర్మాసనాన్ని ఏర్పరచేది కొత్త ప్రధాన న్యాయమూర్తి.

ఓటరు తీర్పు, కొత్త ప్రభుత్వానికి పరీక్ష

జస్టిస్ ఖన్నా రాజీనామా సమర్పించారు. అది 1977 మార్చి 12 నుంచి అమలులోకి వచ్చింది. నాలుగు రోజులకు పోలింగ్ మొదలైంది. కాంగ్రెస్ 154 స్థానాలకు పరిమితమై అధికారం కోల్పోయింది. భిలాయ్ అప్పుడు భాగంగా ఉన్న మధ్యప్రదేశ్‌లోని 40 స్థానాలలో ఆ పార్టీకి దక్కినది ఒక్కటి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాలకు 41 గెలుచుకుంది. మిగిలిన నంద్యాల నుంచి జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి నెగ్గారు. న్యాయమూర్తి నియామకం ఒక్కటే ఓటర్లను కదిలించిందని చెప్పలేము. అత్యవసర పరిస్థితిపై దేశం ఇచ్చిన తీర్పు అన్ని రాష్ట్రాలలో ఒకే తీరుగా లేదన్నది మాత్రం ఈ అంకెలే చెబుతున్నాయి.

అసలు పరీక్ష గెలిచినవారికి ఎదురైంది. 1978 ఫిబ్రవరిలో జస్టిస్ బేగ్ విరమించేనాటికి సీనియారిటీ వరుసలో ముందున్నవారు జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ భగవతి. ఇద్దరూ జబల్‌పూర్ కేసులో ప్రభుత్వాన్ని సమర్థించిన పక్షంలోనివారే. వారిని పక్కనపెట్టాలని కొందరు ప్రముఖ న్యాయవాదులు కోరారు. శాంతి భూషణ్ న్యాయశాఖ మంత్రిగా ఉన్న జనతా ప్రభుత్వం ఆ కోరికను మన్నించలేదు. ఫిబ్రవరి 22న జస్టిస్ చంద్రచూడ్ ప్రమాణం చేశారు. ప్రతీకారానికి అవకాశం చేతిలో ఉండగా దానిని వదులుకోవడం వల్లనే ఆచారం తిరిగి నిలబడింది. 1980 జూలై 31న మినర్వా మిల్స్ కేసులో 42వ సవరణలోని కీలక అంశాలను కొట్టివేసిన ధర్మాసనానికి నేతృత్వం వహించినది ఆ చంద్రచూడే.

జస్టిస్ ఖన్నా తరువాత లా కమిషన్‌కు అధ్యక్షత వహించారు. న్యాయమూర్తుల నియామకాలపై 1979లో వెలువడిన కమిషన్ 80వ నివేదిక, ప్రధాన న్యాయమూర్తి ఎంపికలో సీనియారిటీనే పాటించాలని సిఫారసు చేసింది. 1982లో ఆయన ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచి జ్ఞానీ జైల్‌సింగ్ చేతిలో ఓడిపోయారు. అంతకుముందు తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి 1967 ఏప్రిల్ 11న రాజీనామా చేసి, అదే విధంగా పోటీకి దిగి, డాక్టర్ జాకీర్ హుస్సేన్ చేతిలో ఓటమి పొందారు. పదవిలో ఉన్న ప్రధాన న్యాయమూర్తి నేరుగా ఎన్నికల బరిలోకి వెళ్లడం సరికాదన్న విమర్శ అప్పుడు వినవచ్చింది. న్యాయపీఠానికీ రాజకీయాలకూ నడుమ ఉన్న గీతను ప్రభుత్వాలే కాక న్యాయమూర్తులు కూడా కాపాడవలసి ఉంటుందని ఆ ఉదంతం గుర్తుచేస్తుంది.

‘ఎవరు’ నుంచి ‘ఎప్పుడు’ వరకు

సుప్రీంకోర్టు 1993 అక్టోబర్ 6న ఇచ్చిన తీర్పుతో న్యాయమూర్తుల ఎంపికలో నిర్ణాయక స్థానం ప్రభుత్వం నుంచి సీనియర్ న్యాయమూర్తుల కొలీజియానికి మారింది. అర్హులైన వారిలో అందరికంటె సీనియరే ప్రధాన న్యాయమూర్తి కావాలని కూడా ఆ తీర్పు చెప్పింది. ఆ ఏర్పాటును మార్చడానికి తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్ చట్టాన్నీ, 99వ రాజ్యాంగ సవరణనూ 2015 అక్టోబర్ 16న సుప్రీంకోర్టు 4-1 ఆధిక్యంతో కొట్టివేసింది. భిన్నాభిప్రాయం రాసిన ఒకే ఒక్కరు తెలుగువారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. కొలీజియం పనితీరులో పారదర్శకత లేదన్నది ఆయన ఆక్షేపణ.

అప్పటి నుంచి వివాదం స్వరూపం మారింది. ఎవరిని నియమించాలన్న పట్టు సడలిన చోట, ఎప్పుడు నియమించాలన్న పట్టు బిగిసింది. ఉమ్మడి హైకోర్టు ఇందుకు ఉదాహరణ. 2015 మేలో జస్టిస్ కల్యాణ్ జ్యోతి సేన్‌గుప్తా విరమించిన తరువాత హైదరాబాదుకు మూడేళ్లకు పైగా పూర్తిస్థాయి ప్రధాన న్యాయమూర్తి లేరు. ఉత్తరాఖండ్‌లో రాష్ట్రపతి పాలనను కొట్టివేసిన జస్టిస్ కె.ఎం. జోసెఫ్‌ను హైదరాబాదుకు బదిలీ చేయాలని 2016 మేలో కొలీజియం సిఫారసు చేసినా కేంద్రం దానిని అమలు చేయలేదు. చివరకు 2018 జూలైలో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ టి.బి. రాధాకృష్ణన్ హైదరాబాదుకు వచ్చారు. 2019 జనవరి 1న హైకోర్టు విభజన జరిగి ఆయన తెలంగాణకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం ఆ ఏప్రిల్ 11న శాసనసభకూ లోక్‌సభకూ ఓటు వేసేనాటికి తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తితోనే ఉంది. పూర్తిస్థాయి నియామకం అక్టోబర్‌లో జరిగింది.

అదే ఎన్నికల కాలంలో సుప్రీంకోర్టుకు జస్టిస్ అనిరుద్ధ బోస్, జస్టిస్ ఎ.ఎస్. బోపన్నల పేర్లను కొలీజియం ఏప్రిల్‌లో సిఫారసు చేయగా, సీనియారిటీ, ప్రాంతీయ ప్రాతినిధ్యం కారణాలుగా చూపి కేంద్రం తిప్పిపంపింది. కొలీజియం మే 8న పునరుద్ఘాటించింది. ఓట్ల లెక్కింపునకు ముందురోజు, మే 22న, నియామక ఉత్తర్వులు వెలువడ్డాయి.

అమెరికాతో పోలిక

అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు పదవీ విరమణ వయస్సు లేదు. ఖాళీ ఎప్పుడు ఏర్పడుతుందో ముందుగా తెలియదు. నియామకానికి సెనేట్ ఆమోదం కావాలి. 2016 ఫిబ్రవరి 13న జస్టిస్ స్కాలియా మరణించగా, అధ్యక్షుడు ఒబామా ప్రతిపాదించిన మెరిక్ గార్లాండ్ పేరును ఎన్నికల ఏడాది అన్న కారణంతో రిపబ్లికన్ల ఆధిక్యం ఉన్న సెనేట్ చర్చకే తీసుకోలేదు. 2020 సెప్టెంబర్ 18న జస్టిస్ గిన్స్‌బర్గ్ మరణించినప్పుడు అదే పార్టీ ఎమీ కోనీ బారెట్ నియామకాన్ని 52-48 ఓట్లతో ఆమోదించింది. అప్పటికి పోలింగుకు ఎనిమిది రోజులే ఉంది.

భారతదేశంలో పదవీ విరమణ తేదీ ముందే తెలుసు, తరువాతి పేరు ముందే తెలుసు. ఆచారం నిలిచినంత వరకు ఎన్నికల వేళ పోరుకు తావు తక్కువ. అది నిలవనప్పుడు ఏమవుతుందో 1977 చూపింది. జబల్‌పూర్ తీర్పు తప్పని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న, గోప్యత హక్కు కేసులో ప్రకటించింది. జస్టిస్ ఖన్నా నాడు ఒంటరిగా రాసినదే సరైన న్యాయమని తేల్చిన ఆ తీర్పులో ప్రధాన భాగాన్ని రాసినవారు జస్టిస్ డి.వై. చంద్రచూడ్. జబల్‌పూర్ కేసులో ఆధిక్య పక్షాన నిలిచిన జస్టిస్ వై.వి. చంద్రచూడ్ ఆయన తండ్రి.