ఒక అక్షరం, ఆగిపోయిన ఫోన్లు

2018 ఫిబ్రవరిలో నేను చిన్న తరగతిలో ఉన్నాను. బెంగళూరు నుంచి వచ్చిన మా చిన్నాయన నవ్వుతా, "మన తెలుగు అక్షరం ఒకటి పంపిస్తే చాలంట, ఐఫోన్ ఆగిపోతుందంట!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం బాధ అయింది. మా బళ్ళారి జిల్లాలో బయట బోర్డులన్నీ కన్నడంలో ఉంటాయి, తెలుగు ఇంట్లోనూ మా బడిలోనూ ఉంటుంది. అలాంటి తెలుగులో నిజంగా తప్పుందా అని అనుమానం పట్టుకుంది. ఇప్పుడు తెలుసుకున్నది రాస్తున్నాను.

మన బడిలో రికార్డుల బీరువాను మనం తెరవలేము. అర్జీ రాసిస్తే ఆఫీసువాళ్ళే తీసిస్తారు. కంప్యూటర్లో కూడా అంతే. ఏ ప్రోగ్రామూ డిస్కునుగానీ తెరనుగానీ నేరుగా ముట్టుకోకూడదు. 'కెర్నెల్' అనే ముఖ్యమైన భాగాన్ని అడగాలి. ఆ అర్జీ పేరే సిస్టమ్ కాల్. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యునిక్స్‌లోని ఓపెన్, రీడ్, రైట్ అనే కాల్స్ నేటి ఫోన్లలో కూడా ఉన్నాయి.

షేర్డ్ లైబ్రరీ వేరే. తరగతికంతా ఒకే నిఘంటువు ఉన్నట్టు, అందరికీ కావలసిన పనిని ఒక్కచోట రాసిపెడతారు. ప్రతి ప్రోగ్రామూ దాన్నే వాడుకుంటుంది. జాగా మిగులుతుంది. 1960లలో మల్టిక్స్ అనే సిస్టమ్‌లోనే ఈ ఆలోచన ఉంది.

1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. కానీ నంబర్లు ఇస్తే సరిపోదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం కలిపి 'జ్ఞా' అని గీయాలి. ఆపిల్ పరికరాల్లో ఆ పని చేసేది కోర్‌టెక్స్ట్ అనే షేర్డ్ లైబ్రరీ. మామూలుగా 'జ్ఞానం' అని రాస్తే ఏమీ కాదు. 'జ్ఞా' మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరినప్పుడు ఆ లైబ్రరీ తడబడింది. మెసేజ్‌లు చూపించే యాప్‌లు చాలావరకు దాన్నే వాడతాయి కదా, అందుకే ఒకటి తర్వాత ఒకటి మూతపడ్డాయి. నిఘంటువులో అచ్చుతప్పు పడితే అందరి నోటుబుక్కుల్లోకీ పోతుంది గదా! బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇలాంటి కొన్ని కూర్పులకు ఇదే జరిగింది.

2018 ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. లైబ్రరీలో ఒక్కచోట దిద్దితే, దాన్ని వాడే యాప్‌లన్నీ బాగైపోయాయి. ఏ యాప్‌నూ తిరిగి రాయాల్సిన పని రాలేదు. నష్టం అందరికీ పాకిన దారిలోనే బాగు కూడా పాకింది.

కాబట్టి తప్పు మన అక్షరానిది కాదు. దాన్ని గీసేవాళ్ళు అన్ని కూర్పులనూ పరీక్షించలేదు. తెలుగు చదువుకున్నవాళ్ళు ఆ పరీక్షలు చేసే చోట ఉండాలి. ఈసారి చిన్నాయన వస్తే ఈ మాటే చెప్తాను.